నివేదికలో 92 శాతం, కుళాయిలో ముప్పావు గంట: కార్పొరేషన్ లెక్కలు ఎలా చదవాలి?

ప్రశ్న: మా కార్పొరేషన్ ఏటా లక్ష్యాల ప్రగతి నివేదిక విడుదల చేస్తోంది. ఈసారి తాగునీరు 92 శాతం, ఫిర్యాదుల పరిష్కారం 97 శాతం, పారిశుధ్యం 100 శాతం అని వేశారు. మా వీధిలో మాత్రం రోజు విడిచి రోజు నీళ్లు, అదీ ముప్పావు గంట. నివేదిక అబద్ధమా? మాలాంటి వాళ్లు దీన్ని సరిచూసుకునే దారి ఏదైనా ఉందా?

జవాబు:

నివేదిక అబద్ధం కాకపోవచ్చు. మీ ముప్పావు గంటా అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజమయ్యే ఏర్పాటు ఒకటి ఉంది. నేను 31 ఏళ్లు అందులోనే పనిచేశాను. కోస్తాలో కొన్ని మున్సిపాలిటీల్లో, చివరికి ఒక కార్పొరేషన్‌లో. ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరి డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) రిటైరయ్యాను. ఇలాంటి నివేదికలకు రాత్రి తొమ్మిదింటికి కూర్చుని అంకెలు పంపినవాళ్లలో నేనూ ఉన్నాను. మీ ఊరి పేరు రాయలేదు, మంచిదే. అవసరమైనచోట విశాఖపట్నాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఆ నగరం లక్ష్యాలు, ర్యాంకులు, పథకాలు గత 20 ఏళ్లుగా అందరికీ తెలిసినవే.

ముందుగా ఆ 92 పక్కన పెన్సిల్‌తో ‘దేనిలో?’ అని రాసుకోండి. తాగునీటి మీద ఏ కార్పొరేషన్ దగ్గరైనా కనీసం నాలుగు రకాల శాతాలు ఉంటాయి. మంజూరైన డబ్బులో ఎంత ఖర్చయింది, అది ఆర్థిక ప్రగతి. వేయాల్సిన పైపులైనులో ఎన్ని కిలోమీటర్లు వేశారు, అది భౌతిక ప్రగతి. ఎన్ని ఇళ్లకు కుళాయి ఉంది, అది కవరేజి. ఆ కుళాయిలో ఎన్ని గంటలు, ఎంత ఒత్తిడితో, ఎలాంటి నీళ్లు వస్తున్నాయి, అది నాలుగోది. మీరు అడుగుతున్నది నాలుగోది. మీ చేతిలో ఉన్న 92 బహుశా రెండోదో మూడోదో.

నెలవారీ సమీక్షల్లో పైవాళ్లు అడిగేది మొదటి రెండూ. అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఆ రెండూ ఎం-బుక్కులో (చేసిన పనిని కొలిచి రాసే పుస్తకంలో), బిల్లుల రిజిస్టర్లో సిద్ధంగా ఉంటాయి. మార్చి నెలాఖరులోపు డబ్బు ఖర్చు కాకపోతే వినియోగ పత్రం పంపలేం. ఆ పత్రం వెళ్లకపోతే తర్వాతి విడత రాదు. కాబట్టి అందరి టెన్షనూ ఆ రెండు గళ్ల మీదే. ‘మీ డివిజన్‌లో నిన్న నీళ్లు ఎన్ని గంటలు వదిలారు’ అని అడిగిన సమీక్ష నా సర్వీసులో వేసవి నెలల్లో తప్ప చూడలేదు.

భూగర్భ డ్రైనేజీలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వీధుల్లో మెయిన్ లైన్లు వేస్తారు, మ్యాన్‌హోళ్లు కడతారు, చివర మురుగునీటి శుద్ధి ప్లాంటు కడతారు. పని పూర్తి, భౌతిక ప్రగతి నూటికి నూరు. ఇంటి నుంచి మ్యాన్‌హోల్ దాకా కనెక్షన్ మాత్రం ఇంటాయన డబ్బు కట్టి తీసుకోవాలి, గుమ్మం ముందు వేసుకున్న గచ్చు పగలగొట్టించాలి. సెప్టిక్ ట్యాంకు ఎలాగూ ఉంది కదా అని ఆయన ఊరుకుంటాడు. ప్లాంటేమో రావాల్సిన మురుగు రాక సగం సామర్థ్యంతో మూలుగుతూ ఉంటుంది. వీధి కాలువలో మురుగు ఎప్పటిలాగే పారుతుంది. నివేదిక చదివినవాడికి 100 కనిపిస్తుంది, వీధిలో నడిచినవాడికి దోమలు కనిపిస్తాయి.

ఈ తిరకాసు ఢిల్లీకి తెలియక కాదు. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పట్టణ సేవలకు ప్రమాణాలు పెట్టి ఒక పుస్తకం వేసింది. మా వాడుకలో ఎస్‌ఎల్‌బీ అంటాం. నీళ్లు, మురుగు, చెత్త, వాననీటి కాలువలు, ఈ నాలుగింటికీ కలిపి 28 కొలమానాలు. నీటి వరకు చెబుతాను: ప్రతి ఇంటికీ కనెక్షన్, మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, అన్ని కనెక్షన్లకూ మీటర్లు, లెక్కకు రాకుండా పోయే నీరు 20 శాతం మించకూడదు, నాణ్యత పరీక్షలు నూటికి నూరు నెగ్గాలి, నిర్వహణ ఖర్చు మొత్తం తిరిగి రావాలి, బిల్లుల వసూలు 90 శాతం ఉండాలి, ఫిర్యాదుల పరిష్కారం 80 శాతం ఉండాలి. ఆ చివరిది ఇంకోసారి చూడండి. ప్రమాణం పెట్టినవాళ్లే 80 చాలన్నారు, మీవాళ్లు 97 చూపించారు. అలాంటిచోట నాకు సంతోషం కలగదు, అనుమానం వస్తుంది. దాని సంగతి కింద రాస్తాను.

ఆ పుస్తకంలో అన్నిటికంటే పనికొచ్చేది ఎవరూ పట్టించుకోని ఒక అక్షరం. ప్రతి అంకె పక్కనా అది ఎంతవరకు నమ్మదగ్గదో ఏ, బి, సి, డి అని గ్రేడు వేయాలి. పెద్ద పైపుల మీద బల్క్ మీటర్లు పెట్టి కొలిచి, రికార్డు ఉంచితే పై గ్రేడు. పంపు ఎన్ని గంటలు తిరిగిందో చూసి దాని సామర్థ్యంతో గుణిస్తే కింది గ్రేడు. సెక్షన్ ఏఈ ఫోన్‌లో చెప్పిన ఉజ్జాయింపు అయితే అట్టడుగు గ్రేడు. పత్రికలకు ఇచ్చే ప్రకటనలో అంకె వస్తుంది, అక్షరం రాదు. మీరు అడగాల్సింది ఆ అక్షరం. తర్వాత 13వ ఆర్థిక సంఘం, సేవల లక్ష్యాలను గెజిట్‌లో ప్రకటించాలని గ్రాంట్లకు షరతు పెట్టింది. 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకిచ్చే డబ్బులో మూడింట రెండొంతులు నీరు, పారిశుధ్యానికి, ఒక వంతు గాలి నాణ్యతకు ముడిపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖ, విజయవాడ ఆ కోవలోకి వచ్చాయి. అంటే అంకె మెరుగుపడితే డబ్బు వస్తుంది. డబ్బుతో ముడిపడ్డాక అంకెలకు ఆరోగ్యం దానంతటదే మెరుగవుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు తలసరి లీటర్ల లెక్క ఎలా తయారవుతుందో చూపిస్తాను. అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. 2011 జనాభా పది లక్షలున్న ఊరు అనుకుందాం. హెడ్‌వర్క్స్ నుంచి, అంటే ఊరికి నీళ్లు బయల్దేరే చోటు నుంచి, రోజుకు 13.5 కోట్ల లీటర్లు వదులుతున్నారు. భాగిస్తే తలసరి 135. లక్ష్యం సాధించినట్టే, నివేదికలో ఆకుపచ్చ రంగు. అయితే 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి పాత జనాభానే వాడారు. ఇప్పుడు నిజంగా 13 లక్షల మంది ఉన్నారనుకుంటే తలసరి 104కి పడిపోతుంది. దారిలో లీకేజీలకు, దొంగ కనెక్షన్లకు 30 శాతం పోయిందనుకుంటే మిగిలేది 73 లీటర్లు. అది కూడా సగటు. ట్యాంకు పక్క వీధివాళ్లు సంపు నింపుకుని మొక్కలకు పెడతారు, చివరి వీధివాళ్లు బిందెలు పట్టుకుని నిలబడతారు. ఎక్కడా ఎవరూ అబద్ధమాడలేదు. హారంలో పాత జనాభా, లవంలో వదిలిన నీళ్లు. అంతే.

విశాఖ లాంటి ఊళ్లో ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. అక్కడికి ఏలేరు నీళ్లు 150 కిలోమీటర్లు దాటిన కాలువలో వస్తాయి, ఉక్కు కర్మాగారమూ ఆ కాలువ మీదే ఆధారపడింది. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ లాంటి వనరులు వేరే. అంత దూరం తెరిచిన కాలువలో వచ్చే నీటిని మొదట్లో కొలిస్తే ఒక అంకె వస్తుంది, ఊరి శుద్ధి కేంద్రం దగ్గర ఇంకోటి, కంచరపాలెంలో ఒక ఇంటి కుళాయి దగ్గర మూడోది. ఏ నివేదిక చదివినా, ఏ చోట కొలిచారన్నది ముందు చూడాలి.

నీటి నాణ్యత గురించి నేను కళ్లారా చూసింది చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, ఊరి పేరు వద్దు, క్లోరిన్ పరీక్షలు చేయడం నా పనుల్లో ఒకటి. చిన్న చెక్కపెట్టెలో క్లోరోస్కోప్, రెండు గాజు గొట్టాలు, ఒక సీసాలో మందు. గొట్టంలో నీళ్లు పట్టి, నాలుగు చుక్కలు వేసి ఊపితే క్లోరిన్ ఉన్నంతమేర పసుపు రంగు తేలుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద పట్టినప్పుడు నిమ్మచెక్క పిండినంత పసుపు. రిజిస్టర్లో రాసేది ఆ రీడింగే, ఎందుకంటే రిజిస్టరు ట్యాంకు దగ్గరి గదిలో ఉంటుంది, ఫిట్టరూ అక్కడే ఉంటాడు. ఒకరోజు ఎందుకో పెట్టె పట్టుకుని సైకిలు మీద ఆ జోన్ చివరి వీధికి వెళ్లాను. కాలువకు ఆనుకుని ఉన్న ఇల్లు. గొట్టంలో మందు వేసి ఊపాను, ఇంకో నాలుగు చుక్కలు వేసి ఊపాను. రంగు లేదు. ఆ ఇంటి మామ్మగారు అంతసేపూ చూసి, “ఆ సీసాలో ఏం చూస్తావు నాయనా, వాసన చూడు” అంది. చూశాను. ఇక రంగు చూడాల్సిన పని లేకపోయింది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. మా రిజిస్టరు ప్రకారం ఆ నెల పరీక్షలన్నీ నూటికి నూరు పాస్.

అలా ఎందుకవుతుందంటే, నీళ్లు వదలనంతసేపూ పైపు ఖాళీగా ఉంటుంది. కాలువలో మునిగిన పాత పైపుకు చిల్లు ఉంటే ఆ సమయంలో బయటి మురుగు లోపలికి పోతుంది. వదిలిన గంటలో జనం కుళాయికే నేరుగా మోటార్లు బిగించి లాగుతారు, ఆ లాగుడికి చిల్లు దగ్గర ఇంకా పీల్చుకుంటుంది. మీ ముప్పావు గంటను అసౌకర్యం అనుకోకండి, అది ఆరోగ్య సమస్య. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీటిలో మురుగు కలిసి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. 24 గంటలూ పైపులో ఒత్తిడి ఉంచాలన్న ప్రమాణం ధనవంతుల ముచ్చట కాదు. పూరీ పట్టణం 2021 జులైలో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చని ప్రకటించి, 24 గంటల సరఫరా మొదలుపెట్టింది. యాత్రికులతో కిక్కిరిసే ఊరు అది, మనకు పక్క రాష్ట్రమే. కాబట్టి ‘మన దేశంలో కుదరదండీ’ అన్న మాట మీ ఇంజినీరు అంటే ఒప్పుకోకండి.

ఇక మీ 97 శాతం. ఇది నా తప్పు కూడా కాబట్టి సూటిగా చెబుతాను. నేను చివర పనిచేసిన చోట ఫిర్యాదుల వ్యవస్థ ఆన్‌లైన్ అయ్యాక ప్రతి ఫిర్యాదుకూ గడువు పెట్టారు. గడువు దాటితే ఎరుపు పడుతుంది, సోమవారం సమీక్షలో నిలబెట్టి అడుగుతారు. మా పరిధిలో ఒక స్కూలు దారిలో కాలువ మీది బండ పగిలింది. ఒక పెద్దావిడ ఫోన్ చేసి నమోదు చేయించారు. బండ మార్చాలంటే అంచనా వేయాలి, అనుమతి రావాలి, కాంట్రాక్టరు కావాలి, పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు ముందుకు రావడం లేదు. గడువు 48 గంటలు. మా కుర్రాడు ‘అంచనా తయారుచేసి పంపడమైనది’ అని రాసి ‘పరిష్కృతం’ నొక్కాడు. నాకు తెలుసు, నేను వద్దనలేదు. ఆవిడ వదిలే మనిషి కాదు. రెండు నెలల్లో ఇంకో మూడుసార్లు చేశారు. ప్రతిసారీ కొత్త నంబరు, ప్రతిసారీ అదే మాట, అదే బటన్. నెలాఖరు లెక్కలో నాలుగు ఫిర్యాదులు, నాలుగు పరిష్కారాలు. బండ మాత్రం పగిలే ఉంది. ఎంత ఎక్కువసార్లు అడిగితే మా శాతం అంత పెరిగింది! చివరికి ఆవిడే మనవడితో అక్కడ ఒక పాత మంచం అడ్డంగా పెట్టించారు. బండ మార్చింది ఆ మంచాన్ని ఫొటో తీసి పేపర్లో వేశాక.

అందుకే ఫిర్యాదుల శాతం ఎప్పుడూ అడగకండి. మూడు నెలల్లో ఒకే చోటు నుంచి, ఒకే సమస్య మీద రెండోసారి వచ్చిన ఫిర్యాదులు ఎన్ని అని అడగండి. మూసేముందు ఫిర్యాదుదారు ఫోన్‌కు ఓటీపీ వెళ్లి, ఆయన ఒప్పుకుంటేనే మూతపడే పద్ధతి ఉందా అని అడగండి.

పారిశుధ్యం 100 శాతం గురించి ఎక్కువ రాయను. ర్యాంకుల గురించి ఒక్క మాట. నగరాల పరిశుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల్లో విశాఖకు 2017లో 3వ స్థానం, 2019లో 23, 2020లో 9, 2022లో 4. ఇది చూసి ఊరు రెండేళ్లలో పాడైపోయి, మళ్లీ ఏడాదిలో బాగైపోయిందని అనుకుంటే పొరపాటు. 2016లో పోటీలో ఉన్నవి 73 నగరాలు, 2017లో 434, 2018లో 4,203. మొత్తం మార్కులు, వాటిని దేనికి ఎన్ని ఇవ్వాలన్న పద్ధతి దాదాపు ప్రతి ఏడూ మారాయి. కాగితాలు సరిగ్గా అప్‌లోడ్ చేయడానికే బోలెడు మార్కులు. కొత్త పద్ధతి మా వాళ్లకు అలవాటయ్యేసరికి ఇంకోటి వచ్చేది. ఇండోర్ 2017 నుంచి ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉంది, నిజంగానే చెత్త విషయంలో వాళ్లు చేసింది గొప్ప పని. అదే ఇండోర్‌లో 2025 చివర్లో భగీరథ్‌పురలో తాగునీటి పైపులోకి మురుగు చేరి మనుషులు చనిపోయారు. చెత్తకు వచ్చిన ర్యాంకు నీళ్లకు వర్తించదు.

విశాఖలో నిజంగా మెచ్చుకోవాల్సింది వీధి దీపాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని చీకట్లో ముంచింది, స్తంభాలు ఒరిగిపోయాయి. ఎలాగూ పెట్టాలి కదా అని పాత సోడియం దీపాల బదులు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ పెట్టుబడితో 90 వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. ఆ పథకం నడిచిన తీరు గమనించండి. దీపం పెట్టినందుకు ఒక్కసారే డబ్బిచ్చి వదిలేయడం కాదు, కరెంటు ఆదా అయిన మేరకు ఏళ్ల తరబడి కట్టుకుంటూ పోవడం, అన్నేళ్లూ వెలిగేలా చూసే బాధ్యత కూడా పెట్టినవాడిదే. కొలిచేది ‘వెలుగుతోందా’ అన్నది. అది ప్రతి పౌరుడూ రాత్రి ఏడింటికి తలెత్తి చూడగలడు. ముడసర్లోవ రిజర్వాయరు మీద 2 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు, కాపులుప్పాడలో చెత్త నుంచి 15 మెగావాట్ల కరెంటు ప్లాంటు లాంటివి కూడా అలాగే లెక్కకు అందేవి. ఎన్ని యూనిట్లు తయారైంది, ఎన్ని టన్నుల చెత్త పోయింది అని రోజూ చెప్పొచ్చు.

దీనికి ఎదురుగా బీఆర్టీఎస్‌ను, అంటే బస్సుల ప్రత్యేక దారిని, పెట్టి చూడండి. 2005 చివర్లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద విశాఖలో పెందుర్తి, సింహాచలం దారుల్లో బస్సులకు ప్రత్యేక వరసలు వేయాలన్నది పెద్ద లక్ష్యం. భూసేకరణ చిక్కులతో సింహాచలం వైపు ఏళ్లకేళ్లు సాగింది. రోడ్లు వెడల్పయ్యాయి, అది కాదనను. కానీ ఆ లక్ష్యం రోడ్డు కాదు, ట్రాఫిక్‌తో సంబంధం లేకుండా త్వరగా వచ్చే బస్సు. ఆ బస్సు ఏర్పాటు నిలదొక్కుకోలేదు. ఈలోగా పథకం పేరు మారింది, స్మార్ట్ సిటీ వచ్చింది, కొత్త లక్ష్యాల జాబితా వచ్చింది. పాత లక్ష్యం ఫెయిలైందని ఎవరూ ఎక్కడా రాయరు, కొత్త పుస్తకంలో ఆ పేజీ ఉండదు. అందుకే ఈ ఏటి నివేదిక ఒక్కటే చదివితే ఏమీ తెలియదు. ఐదేళ్ల కిందటిది సంపాదించి, అందులో ఉండి ఇందులో లేనివి ఏవో గుర్తు పెట్టండి. అసలు కథ అక్కడ ఉంటుంది.

లక్ష్యాలు ఎవరు పెట్టారన్నది కూడా చూడాలి. గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలిపి 2005లో విశాఖ మహానగర పాలక సంస్థ (జీవీఎంసీ) ఏర్పడింది, 2007లో ఎన్నికలయ్యాయి. 2013లో భీమిలి, అనకాపల్లి కూడా కలిపారు. 2012లో పాలకవర్గం గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో, 98 వార్డులకు. మధ్యలో తొమ్మిదేళ్లు కార్పొరేటర్లు లేరు, ప్రత్యేకాధికారులే. విశాఖ 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి 20లో ఎంపికైంది కదా, ఆ ప్రతిపాదన తయారైంది ఆ తొమ్మిదేళ్లలోనే. ప్రజలను ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు అడిగారు, అది నిజం. కానీ అనకాపల్లి వార్డు నుంచి ఒక మనిషి లేచి ‘బీచ్ రోడ్డు సరే, మా కాలువ మాటేంటి’ అని అడగడానికి కౌన్సిల్ హాలే లేదు. తెలివైన అధికారులు ఉన్నారు, మంచి పనులూ జరిగాయి. కానీ వార్డు లేని లక్ష్యం ఎప్పుడూ ఫొటో బాగా వచ్చేచోటికే పోతుందని నా అనుభవం.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు వేరే తలనొప్పి. అక్కడ నీళ్లు, మురుగు 1989లో ఏర్పడిన జలమండలి చేతిలో ఉన్నాయి. మ్యాన్‌హోల్ పొంగితే ఒక ఆఫీసు, వాననీటి కాలువ పొంగితే ఇంకో ఆఫీసు, రెండూ ఒకే గుంటలో కలిసి పొంగితే ఎవరిదో తేలేసరికి వాన వెలుస్తుంది. రాజ్యాంగ 74వ సవరణ 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 పనులు రాసింది. మీ నగరంలో వాటిలో ఎన్ని నిజంగా కార్పొరేషన్ చేతిలో ఉన్నాయో ముందు తెలుసుకుంటే, తమవి కాని విజయాలు ఎన్ని నివేదికలోకి ఎక్కాయో, తమవి కాని వైఫల్యాలకు ఎన్ని తిట్లు తింటున్నారో రెండూ తెలుస్తాయి.

డబ్బు విషయంలో ఒక్క కాగితం చాలు. దాన్ని డీసీబీ అంటారు. డిమాండు, వసూలు, బకాయి. ఆస్తి పన్ను 95 శాతం వసూలైందని ప్రకటిస్తే, అది ఈ ఏటి డిమాండు మీదా, పాత బకాయిలతో కలిపిన డిమాండు మీదా అని చూడండి. పాత బకాయిల్లో కోర్టు కేసులు, ప్రభుత్వ ఆఫీసుల బాకీలు పేరుకుపోయి ఉంటాయి, వాటిని పక్కనపెట్టి శాతం తీయడం మామూలే. ఆంధ్రలో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కించడం మొదలైంది కాబట్టి, అంతకుముందు ఏళ్లతో ఇప్పటి వసూళ్లను నేరుగా పోల్చి ‘రాబడి పెంచాం’ అంటే ఒప్పుకోకండి, పెరిగింది మీ నోటీసు. ఆ తర్వాత బడ్జెట్ పుస్తకంలో అంచనా గడి వదిలేసి ‘వాస్తవం’ గడిలో నీటి సరఫరా మరమ్మతులకు నిజంగా ఎంత ఖర్చు పెట్టారో చూడండి. కొత్త పైపులకు కోట్లు, పాత పైపుల మరమ్మతుకు చిల్లర ఉంటే మీ ముప్పావు గంట ఎందుకు గంట కావడం లేదో సగం అర్థమవుతుంది.

ఇక మీరు చేయాల్సింది. ఆంధ్ర అయితే ముందు వార్డు సచివాలయానికి వెళ్లి అక్కడి ఎమినిటీస్ కార్యదర్శిని (నీళ్లు, కాలువలు లాంటి సౌకర్యాలు చూసే ఉద్యోగిని) కలవండి. పిల్లలు చాలామంది ఇంజినీరింగ్ చదివినవాళ్లే, కోపం వాళ్ల మీద చూపించకండి. మీ వీధి ఏ ట్యాంకు కింద ఉంది, ఏ వాల్వు మీద ఉంది, వాల్వు తిప్పే మనిషి ఎవరు అని అడగండి. ఆయనతో ఒక టీ తాగండి. ఊళ్లో నీళ్ల గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది ఆయనకే. ఏ వీధికి ఎన్ని చుట్లు తిప్పుతాడో, ఎవరి ఫోన్‌కు ఎన్ని చుట్లు ఎక్కువ తిప్పాల్సి వస్తుందో కూడా.

తర్వాత పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ‘తాగునీటి ప్రగతి వివరాలు ఇవ్వండి’ అని రాస్తే మీకు మళ్లీ ఆ 92 శాతమే అచ్చువేసి పంపుతారు. కాగితం పేరు పెట్టి అడగాలి. ఎస్‌ఎల్‌బీ పట్టిక విశ్వసనీయత గ్రేడులతో సహా, మీ జోన్‌లో చివరి వీధుల క్లోరిన్ పరీక్షల రిజిస్టరు నకలు, మీ ట్యాంకు నుంచి నీళ్లు వదిలిన వేళల లాగ్‌బుక్కు ఒక నెలది. ఈ మూడు చాలు. చివరి వీధుల రిజిస్టరు ‘లేదు’ అని రాతపూర్వకంగా వస్తే అది కూడా మీకు మంచి జవాబే, భద్రంగా పెట్టుకోండి.

ఈలోగా మీ ఇంట్లోనే ఒక వారం లెక్క రాయండి. నీళ్లు మొదలైన టైము, ఆగిన టైము, 15 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టింది, మొదటి ఐదు నిమిషాల్లో రంగు, వాసన ఎలా ఉన్నాయి. మోటారు ఉంటే ఆ వారం కట్టేయండి, ఇంట్లో తిడతారు గానీ తప్పదు. మీ వీధి మొదట్లో ఉన్న ఒక ఇంటివాళ్లతో, చివర ఉన్న ఒక ఇంటివాళ్లతో కూడా ఇదే రాయించండి. మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఇంట్లో బకెట్ రెండు నిమిషాల్లో నిండి, మీకు పది నిమిషాలు పడుతుంటే మీ లైనులో ఎక్కడో అడ్డో, లీకో ఉంది, అది ఏఈ స్థాయిలో తేలే పని. ముగ్గురికీ పది నిమిషాలే అయితే ట్యాంకుకే నీళ్లు ఎక్కడం లేదు, అప్పుడు మీరు పోవాల్సిన గది వేరే.